టైటానియం డయాక్సైడ్ లాంటి నానో క్యాటలిస్ట్‌ని (అతి సన్నని రేణువుల ఉత్ప్రేరకాన్ని) కాంతితోనే మెరుగుపరచవచ్చా?

మెరుగుపరచవచ్చు. అన్నిటికన్నా ముందు చేసి చూడాల్సిన పని కూడా అదేనని నా గట్టి నమ్మకం.

ప్రశ్న అడిగినవారు ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సోల్-జెల్ పద్ధతిలో (ద్రావణం నుంచి జెల్‌గా మార్చి) టైటానియం డయాక్సైడ్ నానో పొడి తయారుచేశారట. కాంతి కింద రంగుని విరగ్గొడుతుందా అని రంగునీళ్ల మీద పరీక్షిస్తే అంతంతమాత్రంగా పనిచేసిందట. గైడ్ గారు ఇనుము కలపమన్నారు, సీనియర్ నైట్రోజన్ కలపమన్నారు, ఇంకెవరో ఫర్నేస్‌లో మరో వంద డిగ్రీలు పెంచమన్నారు. కాంతి క్యాటలిస్ట్‌ని నడపడానికేనా, దాన్ని బాగుచేయడానికి కూడా పనికొస్తుందా అన్నది మీ సందేహం. నేను హైదరాబాద్‌లోనే ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు ఈ పొడులతోనే గడిపాను. ఇప్పుడు డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తున్నాను. ఈ విషయంలో నాకు చెప్పాల్సింది చాలానే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి వేసి నీటిని విడగొట్టినప్పటి నుంచి అందరి చూపూ ఒకవైపే ఉంది. కాంతి పడుతుంది, రేణువులో ఎలక్ట్రాన్ లేస్తుంది, దాని చోట హోల్ మిగులుతుంది, ఆ రెండూ వెళ్లి బయటున్న రంగునో, నీటినో, బ్యాక్టీరియానో పట్టుకుంటాయి. అంతవరకు అందరికీ తెలుసు. కానీ ఆ ఎలక్ట్రాన్లు, హోల్స్ ముందు ఉండేది రేణువు లోపల, దాని ఉపరితలం మీద. అక్కడ అవి చేసే మార్పుల గురించి మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక్క పేరా కూడా కనబడదు. అసలు సరుకంతా అక్కడే ఉంది.

నాకు ఇది పేపర్లు చదివితే ఎక్కలేదు, మేడ మీద ఎండలో కళ్లారా చూశాక ఎక్కింది. మే నెల. మెర్క్యురీ ల్యాంపు ఉన్న గదికి ఆ రోజు కరెంటు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు నడుస్తోంది, సాయంత్రం దాకా రాదన్నారు. చేతిలో అప్పుడే తయారుచేసిన సోల్, అంటే సన్నని రేణువులు తేలే ద్రావణం ఉంది. దాని ముడిసరుకు టైటానియం ఐసోప్రొపాక్సైడ్‌తో పని ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. కాస్త తేమ తగిలిందంటే పెరుగు విరిగినట్టు తెల్లగా గడ్డలు కట్టేస్తుంది. బొట్టు బొట్టుగా ఇథనాల్‌లో వేసుకుంటూ ఎంతో జాగ్రత్తగా చేస్తే గానీ తేటగా రాదు. ఆ రోజు బాగా తేటగా వచ్చింది. పారేయడానికి మనసొప్పలేదు. బోరోసిలికేట్ గాజు గొట్టాల్లో పోసి, రబ్బరు సెప్టమ్ (సూది దూరే మూత) బిగించి, సూది గుచ్చి చాలాసేపు నైట్రోజన్ పంపి, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన స్టాండుకి బిగించి వచ్చాను. పిట్టగోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనే ఎండ.

కిందికి వచ్చి నోట్‌బుక్ రాసుకుంటుంటే మా అటెండర్ అన్న వచ్చి, "మేడమ్, మీ గొట్టాలు నీలం రంగుకొస్తున్నయ్, అండ్ల ఏమన్న కలిసిందా?" అన్నాడు. పైకి పరుగెత్తాను. నిజంగానే నీలం. ఎండ నేరుగా తగిలే వైపు ముదురుగా, వెనకవైపు లేతగా. అంతకుముందు ఏ రంగూ లేని ద్రావణం అది. నీలం వస్తుందని చదివాను, నిజమే. కానీ ల్యాంపు గదిలో గొట్టం జాకెట్ లోపల ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఏదీ సరిగా కనబడదు. ఇక్కడ పట్టపగలు, చేతికి అందేంత దూరంలో, ఆ రంగు ముదురుతుంటే నిలబడి చూశాను.

జరిగిందేమిటంటే, హోల్స్‌ని ఇథనాల్ తీసేసుకుంటోంది. నైట్రోజన్‌తో ఆక్సిజన్‌ని తరిమేశాం కాబట్టి ఎలక్ట్రాన్లకి వెళ్లే చోటు లేదు. అవి రేణువులోనే పేరుకుపోయి నాలుగు ఛార్జీల టైటానియాన్ని మూడుకి దించుతున్నాయి. ఆ నీలం దానిదే. ఒక గొట్టం సెప్టమ్ తీశాను. గాలి తగిలిన పైభాగం నుంచి నీలం కరుగుతూ కిందికి దిగింది, ఒకసారి ఊపేసరికి మొత్తం పోయింది. లోపల దాగిన ఎలక్ట్రాన్లన్నిటినీ ఆక్సిజన్ ఎగరేసుకుపోయిందన్నమాట. అన్న పక్కనే నిలబడి, "ఇంకోటి తీయకండి మేడమ్, అది మంచిగుంది" అన్నాడు.

రెండో గొట్టాన్ని మెట్ల గదిలోకి తెచ్చి నల్లగుడ్డ చుట్టాను. నైట్రోజన్ పట్టించిన సిల్వర్ నైట్రేట్ ద్రావణం సిరంజిలో తీసుకుని సెప్టమ్ గుండా కొంచెం ఎక్కించాను. గుడ్డ తీసి చూస్తే నీలం లేదు, గోధుమరంగు ఉంది. చీకట్లో, వేడి చేయకుండా, బోరోహైడ్రైడ్ లాంటి రసాయనమేదీ వేయకుండా వెండి అయాన్లు వెండి రేణువులయ్యాయి. ఎండలో దాచిన ఎలక్ట్రాన్లే ఆ పని చేశాయి. దాచినవి ఎన్నో తెలిస్తే ఎంత వెండి తయారవుతుందో ముందే లెక్కగట్టొచ్చు.

దీంట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది వెండి తయారవడం కాదు, అది ఎక్కడ తయారవుతుందన్నది. సిల్వర్ నైట్రేట్‌లో పొడిని నానబెట్టి, ఆరబెట్టి, ఫర్నేస్‌లో పెట్టారనుకోండి. వెండి ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది. అవసరమైన చోటా, అక్కర్లేని చోటా. అదే కాంతి కింద చేస్తే ఎలక్ట్రాన్ ఎక్కడ బయటికి వస్తుందో అక్కడే లోహం కూర్చుంటుంది. ఆ చోటు మనం వెతికి పట్టుకోలేం, ఎలక్ట్రాన్‌కి మాత్రమే తెలుసు. 1978లోనే క్రాట్లర్, బార్డ్ ఈ దారిలో టైటానియం డయాక్సైడ్ మీద ప్లాటినం ఎక్కించారు. తర్వాత 2013లో చైనాలో లీ కాన్ బృందం బిస్మత్ వెనడేట్ అనే ఇంకో కాంతి క్యాటలిస్ట్ స్ఫటికాల మీద దీన్ని కళ్లకు కట్టింది. అదే స్ఫటికంలో ఒక రకం ముఖాల మీద వెండి, ప్లాటినం లాంటివి కూర్చున్నాయి, ఇంకో రకం ముఖాల మీద మాంగనీస్ ఆక్సైడ్ లాంటివి కూర్చున్నాయి. ఒకటి ఎలక్ట్రాన్లు వచ్చే చోటు, రెండోది హోల్స్ వచ్చే చోటు. మనిషి చేత్తో చేయగలిగే పనా అది?

ఇంకా నమ్మకం కుదరకపోతే 2020లో జపాన్ నుంచి వచ్చిన ఫలితం చూడండి. దొమెన్ బృందం అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్ తీసుకుని, కాంతి కిందే ఒకదాని తర్వాత ఒకటిగా రోడియం, క్రోమియం ఆక్సైడ్, కోబాల్ట్ ఆక్సీహైడ్రాక్సైడ్ ఎక్కించింది. ఎలక్ట్రాన్లు వచ్చే ముఖాల మీద మొదటి రెండూ, హోల్స్ వచ్చే ముఖాల మీద కోబాల్టూ కూర్చున్నాయి. 350 నుంచి 360 నానోమీటర్ల కాంతిలో నీటిని విడగొట్టడంలో క్వాంటం సామర్థ్యం 96 శాతం దాకా వచ్చింది. అంటే పడిన ఫోటాన్లలో దాదాపు ఏదీ వృథా కాలేదు. మరుసటి ఏడాది అదే పదార్థంతో 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు ఆరుబయట పెట్టి హైడ్రోజన్ తీశారు. అక్కడ సూర్యశక్తి నుంచి హైడ్రోజన్‌కి మారింది అత్యధికంగా 0.76 శాతం. రెండు అంకెలూ చూసి తికమకపడకండి. ఆ పదార్థం అతినీలలోహిత కాంతినే తీసుకుంటుంది, ఎండలో అది ఉండేదే 4 నుంచి 5 శాతం. తీసుకున్న దాన్ని మాత్రం వదల్లేదు.

అందుకే నాకు ఒళ్లు మండేది, ప్రతి ప్రాజెక్టులోనూ కనబడే డోపింగ్ (వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం) పిచ్చి చూస్తే. ఇనుము ఒక శాతం, రెండు శాతం, అయిదు శాతం, దానికో గ్రాఫు. తర్వాత రాగి, తర్వాత రెండూ కలిపి. స్ఫటికం లోపలికి పరాయి లోహాన్ని ఎక్కిస్తే చాలాసార్లు అది ఎలక్ట్రాన్, హోల్ మళ్లీ కలిసిపోయే చోటు అవుతుంది. రంగు మారుతుంది కాబట్టి ఏదో సాధించామనిపిస్తుంది. మీ పొడి పనిచేయకపోవడానికి కారణం లోపలి లోపమో, పైనున్న మురికో తేల్చుకోకుండా కొత్త మూలకం ఎందుకు?

మురికి అంటే చెప్తాను. సోల్-జెల్‌లో వాడిన ఆల్కహాల్ ముక్కలు, సిట్రిక్ యాసిడ్, సబ్బులాంటి సర్ఫాక్టెంట్, ఇవన్నీ కాల్చాక కూడా కొంత మిగిలిపోతాయి. వేపాకు రసం, తులసి రసం పోసి చేసే గ్రీన్ సింథసిస్ పొడుల సంగతి చెప్పనే అక్కర్లేదు, రేణువు చుట్టూ ఆకు సరుకంతా అంటుకునే ఉంటుంది. మీరు వేసిన రంగుతో అది పోటీ పడుతుంది. హోల్స్ ముందు ఆ కార్బన్‌ని తింటాయి, తర్వాతే మీ రంగు. దీనికి మందు కాంతే. పొడిని శుభ్రమైన నీళ్లలో కలిపి, అక్వేరియం పంపుతో గాలి పంపుతూ, రాత్రంతా యూవీ (అతినీలలోహిత) కాంతి కింద తిప్పండి. రోజంతా మంచి ఎండలో పెట్టినా సరే. కడిగి ఆరబెట్టి మళ్లీ పరీక్షించండి. ఒక్క మూలకం కలపకుండా పొడి మారిపోవడం మీరే చూస్తారు. ఈ పని చేయకుండా ఏ రెండు పొడుల్నీ పోల్చకూడదని మా పిల్లలకి కచ్చితంగా చెప్తాను.

ఇక ల్యాంపుల గోల. టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్ రకానికి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని లేపడానికి కావాల్సిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దాదాపు 387 నానోమీటర్లు. అంతకంటే పొడవైన తరంగాలు దానికి పట్టవు. ఆన్‌లైన్‌లో యూవీ టార్చ్ అని ఊదారంగులో వెలిగేవి అమ్ముతారు, వాటిలో చాలా వరకు 395 నానోమీటర్లవే. కంటికి భేషుగ్గా కనబడుతుంది, పొడికి మాత్రం కనబడదు. 365 అని రాసి ఉన్నదే కొనండి. కొంతమంది ట్రూప్ బజార్ నుంచి వీధిదీపాల మెర్క్యురీ వేపర్ ల్యాంపు తెచ్చి, పై గాజు బల్బు పగలగొట్టి, లోపలి క్వార్ట్జ్ గొట్టాన్ని యూవీ దీపంగా వాడతారు. పనిచేస్తుంది, నేనూ దానితోనే పనిచేశాను. కానీ పై గాజు ఉన్నది 254 నానోమీటర్ల కాంతి బయటికి రాకుండా ఆపడానికి. అది తీసేశాక కవచం లేకుండా ఒక్క నిమిషం కూడా చూడకూడదు. కళ్లలో ఇసుక పోసుకున్న బాధ రాత్రికి మొదలవుతుంది. అట్టపెట్టె మూసి పెట్టాం కదా అని కూడా ధీమా వద్దు.

వేలకి వేలు పోసి ల్యాంపులు కొనే ముందు పైకి చూడమంటాను. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, మధ్యాహ్నం నిలబెట్టిన కర్రకి నీడ పడదు. ఇంత ఎండ పెట్టుకుని మనవాళ్లు సోలార్ సిమ్యులేటర్ (ఎండని పోలిన దీపం) లేదు కాబట్టి పని ఆగిందంటారు. రోజుకో రకంగా ఉండే ఎండతో పోలిక కుదరదంటారా? ప్రతిసారీ పక్కన పీ-25 పొడి ఉన్న సీసా ఒకటి పెట్టండి. టైటానియం డయాక్సైడ్‌లోని రెండు రకాలు అనటేజ్, రూటైల్ కలిసిన ఆ వాణిజ్య పొడిని ప్రపంచమంతా కొలతగా వాడుతోంది. ఎండ తగ్గితే రెండు సీసాలకీ తగ్గుతుంది. ఇంకో మాట, డబ్బు కలిసొస్తుందని పెయింట్ షాపు నుంచి తెల్లపొడి తేకండి. పెయింటు రాలిపోకుండా ఆ రేణువుల మీద అల్యూమినా, సిలికా పొర వేస్తారు, కాంతికి అది స్పందించకూడదనే దాని తయారీ.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒక గ్రాము పొడికి ఒక శాతం వెండి కావాలంటే సిల్వర్ నైట్రేట్ దాదాపు 16 మిల్లీగ్రాములు. 90 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, హోల్స్‌ని తీసేసుకోవడానికి 10 మిల్లీలీటర్ల మిథనాల్. అరగంట నైట్రోజన్, మాగ్నెటిక్ స్టిర్రర్, తర్వాత కాంతి. తెల్ల పొడి కాస్త ఊదా కలిసిన బూడిదరంగుకో గోధుమరంగుకో వస్తుంది. వడగట్టి, బాగా కడిగి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి, ఫర్నేస్‌లో పెట్టొద్దు. చీకట్లో దాచండి. నీళ్ల దగ్గర మాత్రం రాజీ పడకండి. బోరు నీళ్లు, నల్లా నీళ్లు తగిలిన గ్లాసువేర్ వాడితే క్లోరైడ్ ఉంటుంది, వెండి తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా పడిపోతుంది. అది కూడా ఎండకి ఊదారంగుకే తిరుగుతుంది కాబట్టి వెండి చక్కగా ఎక్కిందని మోసపోతారు. మన దగ్గర బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా. మిథనాల్ విషం, నిప్పుకి దూరంగా, గాలి ఆడే చోట చేయండి.

వెండి ఎక్కువేస్తే ఇంకా బాగుంటుందన్న ఆశ వద్దు. ఒక హద్దు దాటాక వెండే కాంతికి అడ్డుపడుతుంది, ఎలక్ట్రాన్, హోల్ మళ్లీ కలిసే చోటు కూడా అదే అవుతుంది. జింక్ ఆక్సైడ్ వాడేవాళ్లకి వేరే హెచ్చరిక. నీళ్లలో కాంతి కింద అది తనని తానే కరిగించుకుంటుంది, గంటల తరబడి యూవీలో శుభ్రం చేద్దామంటే పొడే తగ్గిపోతుంది. బిస్మత్ వెనడేట్‌ది ఇంకో తీరు. దాని ఎలక్ట్రోడ్‌ని 10 దగ్గరి పీహెచ్ ఉన్న బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో) కాంతి కింద ఊరికే వదిలేస్తే కరెంటు పెరుగుతుందని నెదర్లాండ్స్‌లో స్మిత్ బృందం చూపించింది. దాన్ని ఫొటోచార్జింగ్ అంటున్నారు. ఒక్కో ఆక్సైడ్‌కి ఒక్కో స్వభావం, అన్నిటికీ ఒకే మంత్రం లేదు.

పరీక్ష గురించి కూడా చెప్పకుండా ఉండలేను. దయచేసి అందరూ వాడే మిథిలీన్ బ్లూ రంగుని వదిలేయండి. అది 664 నానోమీటర్ల దగ్గర కాంతిని తానే తీసుకుంటుంది, తానే కొంత వెలిసిపోతుంది. మీ పొడిలో మిథనాల్ మిగిలి, ఆక్సిజన్ తగ్గిందంటే ఎలక్ట్రాన్లు దాన్ని రంగులేని రూపానికి మార్చేస్తాయి. నీళ్లు తేటబడ్డాయి కాబట్టి విరిగిపోయిందని రాసేస్తారు, సీసా మూత తీసి ఊపితే నీలం మళ్లీ వస్తుంది. ఇలాంటి గ్రాఫులు ఎన్ని థీసిస్‌లలో ఉన్నాయో! పటాన్‌చెరు పక్కన ఉండి మనకి ఆ రంగుతో పనేంటి? అక్కడ మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసి బయటికి వదిలే చోట లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అది మనిషి ఒంట్లో మందు వేసుకున్నాక రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. మీ పొడిని సిప్రో మీద పరీక్షించండి. మెడికల్ షాపు మాత్ర కాదు, అందులో పిండి, పూత ఉంటాయి, శుద్ధమైన పొడి అడిగి తెచ్చుకోండి. సిప్రో కూడా ఎండకి కొంత తనంతట తానే విరుగుతుంది, కాబట్టి పొడి వేయని సీసా ఒకటి ఎండలో తప్పకుండా ఉండాలి.

ప్రయోగం మొదలుపెట్టే ముందు అరగంట చీకట్లో తిప్పి, పొడి ఎంత పీల్చుకుందో కొలవండి, ఆ తర్వాతే సీసాలు ఎండలోకి. మామూలు పొడి ఒకటి, రాత్రంతా కాంతిలో శుభ్రం చేసినది ఒకటి, కాంతిలో వెండి ఎక్కించినది ఒకటి, సిల్వర్ నైట్రేట్‌లో చీకట్లోనే నానబెట్టి కడిగినది ఒకటి, పీ-25 ఒకటి, ఏ పొడీ లేనిది ఒకటి. చీకట్లో నానబెట్టిన సీసా గురించి గైడ్ గారు దండగ అనొచ్చు. కాంతి వల్లే మెరుగైందని చెప్పడానికి మీకున్న సాక్ష్యం అదొక్కటే, వదలకండి. ఫలితాలు వచ్చాక అంకెలతో సహా కింద కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తాను. ఇనుము కలపాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.